నిన్నటి రొయ్యలు

నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది ఒక హోటల్ గురించి ఫోన్లో రాసిన పదహారు లైన్లు. పద్దెనిమిదేళ్ళుగా సినిమాలకు మాటలు రాస్తున్నాను. మూడు సినిమాలకు నా పేరు పడింది, అదీ జనం చీకట్లో సీటు నంబరు వెతుక్కునే టైములో. మిగతావాటికి అదీ లేదు. ఆ పదహారు లైన్లకు కూడా నా పేరు లేదు. కానీ అవి చదివి, బాగా చెప్పావని వేలితో నొక్కినవాళ్ళు వందల్లో ఉన్నారు. ఆ రాత వల్ల ఒక మనిషి నోరు మూతపడింది. ఆ సంగతే చెప్తున్నాను.

హోటల్ ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే రోడ్డు మీద, ఒక డబ్బింగ్ స్టూడియోకీ ఒక జుట్టు నాటే క్లినిక్కుకీ మధ్యన ఉంటుంది. కింద పద్నాలుగు టేబుళ్ళు, పైన ఏసీ గది. పైగదికి ‘ఫ్యామిలీ సెక్షన్’ అని బోర్డుంది గాని అక్కడ నేను ఫ్యామిలీలను చూసింది తక్కువ. కథ చెప్పేవాళ్ళు, కథ వినేవాళ్ళు, వినడానికని వచ్చి ఫోన్ చూసుకునేవాళ్ళు, వీళ్ళే ఉంటారు. ఓనరుది గోదావరి జిల్లా. గోడ నిండా ఆయన హీరోలతో దిగిన ఫొటోలు. కాస్త దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి ఫొటోలోనూ హీరో ఎటో వెళ్ళిపోతూ ఉంటాడు, ఓనరొక్కడే నిలబడి నవ్వుతూ ఉంటాడు.

రాయాల్సిన సీను రానప్పుడు నేను ఆ హోటల్ మీద జనం రాసిన రివ్యూలు చదువుకునేవాణ్ణి. మా సినిమాల కంటే వాటిలోనే కామెడీ బాగుండేది. ఒకావిడ గోంగూర మటన్ పుల్లగా ఉందని ఒక్క స్టార్ ఇచ్చింది. ఒకాయన భోజనం సంగతి ఒక్క ముక్క కూడా రాయకుండా, పక్క టేబుల్లో ఫలానా విలన్ పెరుగన్నం తింటుండగా చూశానని ఐదు స్టార్లు ఇచ్చాడు. ఇంకొకాయనకు కారు పెట్టుకోవడానికి చోటు దొరకలేదు, లోపలికే రాలేదు, అయినా రుచికి రెండు, సర్వీసుకు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. ఒక జంట ప్రతి గిన్నెనూ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, పావుగంట తర్వాత నోట్లో పెట్టుకుని, కూరలు చల్లగా వడ్డిస్తున్నారని రాశారు. టోలిచౌకి నుంచి బిర్యానీ కోసం ఇంత దూరం వస్తే నిరాశపరిచారని ఒకాయన వాపోయాడు. సందుకో బిర్యానీ హోటలున్న టోలిచౌకిలో ఉంటూ బిర్యానీ కోసం కొండెక్కి వచ్చిన మనిషిని ఎవరు మాత్రం సంతోషపెట్టగలరు.

అయితే జనం చెప్పినవన్నీ అబద్ధాలు కావు. అక్కడి సర్వీసు మనిషిని బట్టి ఉండేది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని లోపలికొస్తే మంచినీళ్ళు పరుగెత్తుకొచ్చేవి, మామూలు కళ్ళతో వస్తే రెండుసార్లు అడగాలి. ఒక మధ్యాహ్నం ఒక జూనియర్ ఆర్టిస్టు షూటింగ్ మధ్యలో మంత్రి వేషం విప్పకుండానే భోజనానికి వచ్చాడు. ఓనరు తనే గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి దగ్గరుండి నెయ్యి వడ్డించాడు. మర్నాడు అదే మనిషి తన సొంత చొక్కాలో వచ్చి రెండో అప్పడం అడిగితే అయిపోయాయన్నారు.

ఈ తేడాలేవీ పట్టని మనిషి అక్కడ ఒక్కడే ఉండేవాడు. హోటల్ తెరిచిన రోజు నుంచీ వడ్డిస్తున్న సర్వరు, రహమత్‌నగర్ మనిషి, యాభై దాటినవాడు. అందరూ ఆయన్ని ‘అన్నా’ అని పిలిచేవాళ్ళు, నేనూ అంతే. మనసులో మాత్రం పెద్దాయన అనుకునేవాణ్ణి. ఆయనకొక అలవాటు. మనం మెనూ చూసి రొయ్యల వేపుడు అన్నామనుకోండి, రాసుకునేవాడు కాదు.

“గవి నిన్నటియి సార్, వద్దు. బెండకాయ తాజాగ జేసిండ్రు, గది తెస్తా,” అనేవాడు.

దీని వెనక ఓనరు సిద్ధాంతం ఒకటుంది. చేపల పులుసు మర్నాటికే రుచి అన్న మాటను ఆయన గోదావరి నుంచి వెంట తెచ్చుకున్నాడు. ఆ మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయన అదే న్యాయాన్ని రొయ్యలకూ, కోడి వేపుడికీ, చివరికి పెసరట్టు పిండికీ అమలు చేశాడు. నిన్న మిగిలిన రొయ్యల్ని మళ్ళీ నూనెలో వేసి పైన నాలుగు కరివేపాకు రెబ్బలు చల్లితే చూడ్డానికి కొత్తవే. పంటి కిందికి వచ్చాకే తెలుస్తుంది, రబ్బరు ముక్కలని. పెద్దాయన చేపల పులుసు జోలికి ఎప్పుడూ పోలేదు. రొయ్యల దగ్గర మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఇది ఇంకో ఊళ్ళో అయితే పెద్ద విశేషం కాదు. మా కొండ మీద విశేషమే. ఇక్కడ ప్రివ్యూ అయ్యాక డైరెక్టరు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుంటాడు. “చింపేశారన్నా” అని తీరాలి. అనకపోతే మర్నాటి నుంచి మన ఫోను ఎత్తరు. నేనూ అన్నాను. మధ్యలో నిద్రపోయిన సినిమాలకైతే ఇంకాస్త గట్టిగా అన్నాను, ఒకసారి కావలించుకుని మరీ అన్నాను. శుక్రవారం పొద్దుటాట దాకా అందరం అందరికీ ఇదే చెప్పుకుంటాం. అలాంటి చోట నిన్నటిదాన్ని నిన్నటిదని మొహం మీద చెప్పే మనిషి ఉండటం నాకు భలే ముచ్చటగా ఉండేది. ఆయన రొయ్యల గురించి మాట్లాడినంతకాలం ఉండేది.

రివ్యూల్లో కూడా జనం ఆయన దగ్గర రెండుగా చీలిపోయేవాళ్ళు. ‘ఆ పెద్దాయన మా పిల్లకు కారం తగ్గించి తెచ్చాడు, రొయ్యలు వద్దన్నాడు, చల్లగా ఉండాలి’ అని ఒక తల్లి ఐదు స్టార్లు ఇచ్చింది. ‘తినడానికి వచ్చామా, సలహాలు వినడానికి వచ్చామా’ అని ఒకాయన ఒక్కటి ఇచ్చాడు. ఓనరు రెండోది చదివి ఉడుక్కునేవాడు, మొదటిది తలుచుకుని ఆగిపోయేవాడు. పాత కస్టమర్లలో సగం మంది ఆ మనిషిని చూసే వస్తారని ఆయనకూ తెలుసు.

ఇక నా సంగతి. రెండేళ్ళు కూర్చుని ఒక కథ రాశాను. ఊరి చివర వెంచర్లు వేసి, ఇప్పుడు సినిమా తీద్దామని ఉబలాటపడుతున్న ఒక పెద్దమనిషి దొరికాడు. ఆయన్ని ఆ ఏసీ గదిలో కూర్చోబెట్టి పన్నెండు గంటలకు కథ మొదలుపెట్టాను. ఆయన వెంట ఇద్దరు వచ్చారు. వాళ్ళ పని తల ఊపడం, అది బాగానే చేశారు.

కథ ఇదీ. హీరో తన పేరూ ఊరూ ఉద్యోగమూ అన్నీ అబద్ధం చెప్పి ఒక అమ్మాయికి దగ్గరవుతాడు. ఆ అబద్ధాల వల్ల ఆమె ఉద్యోగం పోతుంది. ఇంటర్వెల్‌కి నిజం తెలుస్తుంది. సెకండాఫ్‌లో హీరో వానలో నిలబడి ఒక పాట పాడతాడు, ఆమె క్షమిస్తుంది. ఇలా రాస్తే నాకే ఏదోలా ఉంది గాని, ఆరోజు రెండు గంటలు చెప్పాను. క్లైమాక్సులో గొంతు వణికింది, నేనే వణికించాను. తల ఊపే ఇద్దరిలో ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయ కొరికాడో, కథకు కరిగాడో నాకు తెలియదు. నిర్మాత మాత్రం మెత్తబడ్డాడు. ఎల్లుండి ఆఫీసుకు రమ్మనే మాట ఆయన నాలిక చివరికి వచ్చిందని నాకు ఈనాటికీ నమ్మకం.

అప్పుడు ఆయన కళ్ళు, రెండు గంటలూ మాకు వడ్డించి ఇప్పుడు ప్లేట్లు తీస్తున్న పెద్దాయన మీద పడ్డాయి. సరదాకి అడిగాడు.

“అన్నా, నువ్వు గూడ ఇన్నవ్ గద. కథ ఎట్లుందో చెప్పు.”

ఇంకో సర్వరైతే నవ్వి వెళ్ళిపోయేవాడు. పెద్దాయన ప్లేట్లు టేబుల్ మీద పెట్టి, కాసేపు ఆలోచించి మరీ చెప్పాడు.

“ఇంటర్వెల్ దాక మస్తుంది సార్. గాడ్నుంచి నిన్నటి రొయ్యలే.”

“ఎందుకట్ల?”

“గంత మోసం జేసినోన్ని గా పిల్ల ఒక్క పాటకే ఎట్ల మాఫ్ జేస్తది సార్? ఆమె నౌకరి వాయె. పాట పాడితే నౌకరి తిరిగొస్తదా?”

నిర్మాత టేబుల్ చరిచి నవ్వాడు. తల ఊపే ఇద్దరూ ఈసారి నవ్వుకు తగ్గట్టు ఊపారు. నవ్వు ఆగాక నిర్మాత నా వైపు తిరిగి, “నిజమే గద రైటర్ సాబ్, జర సూస్కోండ్రి. మళ్ళ కలుద్దాం,” అన్నాడు. మా దగ్గర ఆ మాటంటే ఇక కలవమని అర్థం. కలవలేదు కూడా.

నేను మెట్లు దిగుతుంటే పెద్దాయన వెనకే వచ్చాడు. “రైటర్ సార్, సెకండాఫ్ ఒక్కటి సూస్కోండి. మొదటిది బరాబర్ ఉంది,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. సరే అన్నాను. నాకు మాత్రం ఆ మనిషిని అక్కడే కొట్టాలనిపించింది.

యూసుఫ్‌గూడలో నా గదికి వచ్చి మంచం మీద కూర్చుని, దొంగ పేరు ఒకటి పెట్టుకుని, బొమ్మ స్థానంలో ఒక పువ్వు పెట్టి ఆ పదహారు లైన్లు రాశాను. ‘ఇక్కడ వంటవాడు వండుతాడు, సర్వరు తీర్పు చెప్తాడు. ఆకలితో వచ్చినవాడికి అన్నం కంటే ముందు అనుమానం వడ్డిస్తారు. మెనూ చేతికిచ్చి, మీరు చదివేలోగా అందులో సగం కొట్టేస్తారు. మీ టేబుల్ దగ్గరికి వచ్చేది భోజనం కాదు, ఒక పెద్దమనిషి అభిప్రాయం.’ ఇలా సాగుతుంది. మూడుసార్లు తిరగరాశాను. మాట మాటకీ తూకం చూశాను. నా సినిమాలకు ఎప్పుడూ అంత శ్రద్ధ పెట్టలేదు. ఒక్క స్టార్ ఇచ్చి పడుకుంటే హాయిగా నిద్రపట్టింది.

వారం తిరిగేసరికి అది జనానికి తెగ నచ్చేసింది. నవ్వే బొమ్మలు పెట్టారు. ఎవరు బాబూ నువ్వు, సినిమాలకు రాయొచ్చుగా అని ఒకరు రాశారు. ఆ ఒక్క వాక్యం నేను రోజుకు పదిసార్లు చదువుకున్నాను.

పది రోజులకు భోజనానికి వెళ్తే ఓనరు గల్లా దగ్గర్నుంచి చెయ్యి ఊపాడు.

“రైటర్ గారూ, ఇలా రండి. ఇది చూశారా? ఎవడో గానీ భలే రాశాడండీ. మనల్నే తిట్టాడనుకోండి, కానీ భలే తిట్టాడు.”

నా పదహారు లైన్లు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాడు. సర్వర్లంతా రోజూ చూడాలని వంటింటి తలుపు పక్కన గోడకు మేకు కొట్టి తగిలించాడు.

“ఇన్నాళ్ళూ ఆయన్ని ఏమీ అనలేక ఊరుకున్నానండి. పాత మనిషి కదా. ఇప్పుడు కస్టమరే రాశాక నేనేం చేస్తాను చెప్పండి? సోమవారం నుంచి పార్సిల్ కౌంటర్లో వేసేశాను. అక్కడైతే ఎవరితోనూ మాట్లాడే పని లేదు.”

అది రాసింది నేనేనండీ అని చెప్పడానికి నాకు అప్పుడు పూర్తిగా ఒక నిమిషం దొరికింది. ఆ నిమిషంలో నేను గోడమీది లామినేషన్ చూస్తూ, నాలుగో లైనులో ఒక మాట ఎక్కువైంది అనుకుంటున్నాను. ఈలోపు ఓనరు రెండో సంగతి ఎత్తుకున్నాడు.

“మీరు మాటలు రాసేవారు కదా. మావాళ్ళకి ఒక డైలాగ్ రాసిపెట్టండి సార్. కస్టమరు ఏది ఎలా ఉందని అడిగినా అందరూ అదే చెప్పాలి. మర్యాదగా, తియ్యగా.”

సిగ్గేసింది. అయినా రాశాను. రాస్తుంటే సరదా కూడా వేసింది, దానికి ఇంకా సిగ్గుపడాలి. ‘చాలా అద్భుతంగా ఉందండీ. మీరే చెప్తారు.’ అంతే. రొయ్యలకీ సరిపోతుంది, పెరుక్కీ సరిపోతుంది. ఓనరు రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాడు.

మా హీరోలు నా డైలాగుల్ని సెట్లోకి వచ్చాక మార్చేస్తారు, డైరెక్టర్లు తగ్గించేస్తారు, ఎడిటర్లు కోసేస్తారు. ఈ సర్వర్లు ఒక్క అక్షరం పోనివ్వలేదు. కరీంనగర్ నుంచి వచ్చినవాడూ, ఒడిశా నుంచి వచ్చినవాడూ అందరూ ఒకే గోదావరి యాసలో దీర్ఘం తీసి ‘అండీ’ అనేవాళ్ళు. నిన్నటి రొయ్యలు కొరుకుతూ కస్టమర్లు తలలూపేవాళ్ళు. అంత మర్యాదగా చెప్పాక బాగాలేదంటే తమకే నాలుక లేదనుకుంటారని భయం. హోటల్ రేటింగ్ నాలుగు దాటింది. సర్వీస్ సూపర్ అని రాయడం మొదలుపెట్టారు. వాళ్ళలో కొందరు ఆ సాయంత్రం మజ్జిగ తప్ప ఏమీ తాగలేకపోయి ఉంటారు, ఆ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

పార్సిల్ కౌంటర్ పక్క సందులో, మెట్ల కింద ఉండేది. పెద్దాయన అక్కడ నిలబడి డబ్బాలకు రబ్బరు బ్యాండ్లు వేసి సంచుల్లో సర్దేవాడు. డెలివరీ కుర్రాళ్ళు ఆర్డర్ నంబర్ చెప్పేవాళ్ళు, ఆయన సంచి అందించేవాడు. రోజంతా అంతే మాట. నేను ఎనిమిది నెలలు ఆ సందు ముందు నుంచి తల తిప్పుకుని నడిచాను. ఒకరోజు ఆయనే పిలిచాడు.

“రైటర్ సార్, సెకండాఫ్ అయిందా?”

నడుస్తోందన్నాను. ఆయన ఆ కథను ఇంకా మర్చిపోలేదు. ఆ పూట హోటల్లోకి వెళ్ళకుండానే గదికి తిరిగొచ్చాను.

తర్వాత ఇంకో నిర్మాత కథ వింటానన్నాడు. పొద్దున పదకొండుకు రమ్మన్నాడు. అప్పటికి సెకండాఫ్ అంతా మార్చేశాను. వాన తీసేశాను, పాట తీసేశాను. ఇప్పుడు హీరో ఆ అమ్మాయి ఇంటికెళ్ళి, నీ ఉద్యోగం పోగొట్టింది నేనే అని తన నోటితో చెప్తాడు. ఆమె విని క్షమిస్తుంది. నేను చెయ్యలేని పని హీరోతో చేయించాను. హీరోకేముంది, రాసిస్తే చెప్తాడు.

ముగ్గురు స్నేహితులకు వినిపించాను. ముగ్గురూ చింపేశావన్నారు. ఆ మాట విలువెంతో నాకంటే ఎవరికి తెలుసు. మీటింగ్‌కి ముందురోజు మధ్యాహ్నం మూడింటికి, కౌంటర్ దగ్గర రద్దీ తగ్గాక, ఆ సందులోకి వెళ్ళాను. ఆ రివ్యూ రాసింది నేనేనని చెప్పేసి తర్వాత కథ చెబుదామని దారంతా అనుకుంటూ వెళ్ళాను. తీరా వెళ్ళాక కథ ఒక్కటే చెప్పాను.

పెద్దాయన డబ్బాలకు బ్యాండ్లు వేస్తూ విన్నాడు. హీరో నిజం ఒప్పుకునే చోట చేతులు ఆగాయి. నా మొహంలోకి చూశాడు. మళ్ళీ బ్యాండు వేసి అన్నాడు.

“చాలా అద్భుతంగా ఉందండీ. మీరే చెప్తారు.”

నాకు గాల్లో తేలినట్టయింది. అబద్ధం చెప్పని మనిషి బాగుందన్నాడు, ఇంకేం కావాలి. పొగడ్త చెవిన పడుతున్నప్పుడు అది ఎవరు రాసిన డైలాగో గుర్తుపట్టే రైటర్ ఇంకా పుట్టలేదు. ఆ సంతోషంలో పండగ చేసుకుందామని అడిగాను.

“అన్నా, ఇయ్యాల రొయ్యలు ఎట్లున్నయి?”

“చాలా అద్భుతంగా ఉందండీ. మీరే చెప్తారు.”

అదే గొంతు. అదే దీర్ఘం. నేను ఆ హోటల్‌కి వెళ్తున్న తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా ‘అండీ’ అనలేదు. ఆ రివ్యూ నాదని ఆయనకు తెలుసో, ఓనరు సర్వర్లందరికీ నేర్పిందే నాకూ అప్పజెప్పాడో నాకు తెలియదు. అడిగే మొహం లేదు. ఒక డబ్బా రొయ్యలు కట్టించుకుని వచ్చేశాను.

గదికొచ్చి డబ్బా తెరిచాను. పైన కరివేపాకు నిగనిగలాడుతోంది. ఒకటి కొరికాను. రబ్బరు. కాసేపు నములుతూ కూర్చున్నాను. ఆ మనిషికి నేను చేసింది ఎంత పాడుపనో అప్పుడు తెలిసింది. నా సెకండాఫ్ ఎలా ఉందో కూడా అప్పుడే తెలిసింది. అందులో ఏది నిన్నటిదో మాత్రం తెలియలేదు. చెప్పగలిగిన మనిషిని నేనే నోరెత్తకుండా చేశాను.

ఫోను తీసి ఆ పదహారు లైన్లు తీసేశాను. మెచ్చుకున్న వందలమందీ దాంతోపాటే పోయారు. వంటింటి గోడ మీద లామినేషన్ మాత్రం అలాగే ఉంది, మొన్న కూడా చూశాను.

మర్నాడు పదకొండుకు వెళ్ళి కథ చెప్పాను. గదిలో నలుగురున్నారు, నలుగురూ చివరిదాకా తలలూపారు. చాలా బాగుందన్నారు. మెట్ల దాకా వచ్చి చెయ్యి కలిపి, మళ్ళీ కలుద్దాం అన్నారు.